కట్టు విప్పి పంపిన సిస్టర్

అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద డాక్టరుగారికి, ఆయన పక్కన నాకంటే ఎక్కువ సిగ్గుపడుతూ కూర్చున్న మావారికి, ఓపీ తొందరగా ముగించుకుని వచ్చిన డాక్టర్లకి, నా తోటి సిస్టర్లకి, వెనక నిలబడిపోయిన ఆయాలకి, పిలవకపోయినా వచ్చిన నా పేషెంట్లకి నమస్కారం. పేషెంట్లూ, దయచేసి గోక్కోకండి, ఇక్కణ్ణించి నాకంతా కనిపిస్తోంది. (నవ్వులు)

పెద్ద డాక్టరుగారు నన్ను తెగ పొగిడారు. వద్దనను, పొగడండి, నాకు గర్వంగానే ఉంది. చర్మవ్యాధుల విభాగం డ్రెస్సింగ్ గదిలో ముప్ఫైరెండేళ్ళు చేశాను. తామర, గజ్జి, సెగ్గడ్డ, చీముపట్టిన పుండు, పక్కన కూర్చోవడానికే జనం జంకే ప్రతిదాన్నీ ఈ చేతుల్తో కడిగాను. నేను కట్టు కడితే ఇస్త్రీ చేసినట్టు ఉంటుందని పేరు. ఆ పేరంటే నాకు మహా మురిపెం.

ఆ మురిపెమే ఒకావిడ ప్రాణం మీదికి తెచ్చింది. ఆవిడ బట్టలు కుట్టేది. మిషను తొక్కే పాదం అడుగున పుండు. ఇన్‌ఫెక్షన్ అనుకున్నాం. వారం వారం నేను కడిగి కట్టు కట్టేదాన్ని, ఆవిడ ఓపీకి వెళ్ళేది, అక్కడి డాక్టరుగారు అంత చక్కటి కట్టు విప్పడం ఎందుకులే అని "అదే మందు" అని రాసేవారు. పుండు చూసేదాన్ని నేను, మందు రాసేది ఆయన. నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. చివరికి ముక్క తీసి పరీక్షకి పంపితే అరుదైన చర్మ క్యాన్సరని తేలింది. అప్పటికే గజ్జల్లోకి పాకింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "మీ కట్టు ఎప్పుడూ నొప్పి పెట్టలేదమ్మా" అంది.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడో వారానికీ మానని పుండుకి కట్టు కట్టను. పైన గుడ్డముక్క వేసి, అలాగే డాక్టరు ముందుకి పంపిస్తాను. మొదటిరోజే పెద్ద డాక్టరుగారు, "ఏమిటిది సిస్టర్, కట్టు లేకుండా పంపారు?" అని కేకలేశారు. "కట్టు ఉంటే మీరు చూడరు కదండీ" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. (నవ్వులు) నాలుగో రోజు ఆయనే వచ్చి, "ఇవాళ మూడో వారం వాళ్ళెవరు?" అని అడిగారు. అదీ ఆయన పెద్దరికం.

మూడో వరసలో మీసం దువ్వుకుంటున్న బస్సు డ్రైవరుగారిని చూడండి. ఆయన మడమ పుండు క్యాన్సరని అలాగే మొదట్లోనే తేలింది. మడమలో కొంత కోసేశారు, ఆరేళ్ళయింది, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. కూర్చోండి బాబూ, లేచి చెప్పు విప్పక్కర్లేదు!

కానీ రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ నాకు ఒకటే బెంగ. ఆ పద్ధతి ఏ కాగితం మీదా లేదు. నేను వెళ్ళిపోయాక ఏ కొత్త డాక్టరో కోప్పడితే, ఎదురు నిలబడి కట్టు ఎవరు ఆపుతారు? మావారు వినీ వినీ విసిగిపోయారు, అడగండి.

ఈ పొద్దున ఒక తోటమాలి వచ్చారు, బొటనవేలి మీద పుండుతో. సభకి వేళవుతోందన్న హడావిడిలో గబగబా కట్టు చుట్టడం మొదలుపెట్టాను. నా స్థానంలోకి వస్తున్న సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది.

"మూడో వారం సిస్టర్. ఆపండి."

"ఈ ఒక్కసారికి పోనీవే" అన్నాను.

"పోనివ్వను" అంది. నేను చుట్టిన కట్టు నా ముందే విప్పేసి, ఆయన్ని డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్ళింది. ముక్క తీశారు. రిపోర్టు ఇంకా రాలేదు, ఏమీ లేదనే రావాలి.

అందరికీ కృతజ్ఞతలు. ముప్ఫైరెండేళ్ళలో నేను కట్టిన కట్టు తప్పని ఎవరూ విప్పలేదు. ఈ పొద్దున ఆ పిల్ల విప్పింది. ఇక నాకు బెంగ లేదు. సెలవు.