ఎనక సిలిండరు

హలో… ఆ, నేనే నేస్తం. సెడ్డులోనే ఉన్నాను. ఇంకెక్కడికి పోతాను…

ఏటీ? బండి ఆగిపోనాదా? ఎక్కడ… అనంతగిరి ఘాటులోనా! నీకేటీ అవలేదు గదా?… హమ్మయ్య.

ఎనక సిలిండరేనా?… మరి అవదేటి. ముందుది గాలంతా తినేత్తాది, ఎనకది ఉడికిపోతాది. ఆరేళ్లు దాంతోటే గదా మన గొడవ…

సెప్తాను, ఉండు. ముందు నాకొకటి సెప్పు. వైజాగులో ఆ బళ్ల కంపెనీ వోల మైకు ముందర ఏటన్నావు?… అబద్దమాడకు. మా సెల్లి సరళ ఫోనులో సూపించింది. మూడుసార్లు సూసేను. "ఈ ఇంజిను నేనొక్కడినే సేసేను" — నీ మొకమే, నీ గొంతే.

ఒక్కడివేనా?… రెండు పాతబళ్ల సిలిండర్లు తెచ్చి ఒకే క్రాంకుకి కట్టిందెవులు? మొదట రెండు సిలిండర్ల మజ్జిన నలబై అయిదు డిగ్రీలు పెట్టేం. బండి సలిజొరమొచ్చినట్టు వణికీది. ఊడిన నట్లు రోడ్డంతా ఏరుకున్నాం. తొంబైకి ఇప్పితే అదురు తగ్గుద్దని లెక్క కట్టిందెవులు? అది పట్టక మళ్లీ ఫ్రేము కోసి, ఈ సెయ్యి కాల్సుకున్నదెవులు?…

ఏటీ… నేస్తం కట్టుకున్నోలు ఒకల పేరొకలు పలక్కూడదనా? అందుకే సెప్పలేదా!… ఓలమ్మో! ముంచింగిపుట్టు సంతలో, అందరి ముందర కట్టుకున్నాం. ఒకే ఆకులో తిన్నాం. పేరొద్దులే, "మా నేస్తమూ నేనూ" అనొచ్చు గదా! దానికి నోరు రాలేదేటి?…

ఏడవకు. నాకూ ఏడుపొత్తంది…

ఎవులివా మాటలు?… కంపెనీ వోలా? బండి ఘాటెక్కడం సూడ్డానికొచ్చేరా… మంచిది. స్పీకరు పెట్టు. నువ్వు పలక్కు. నా పేరు నేనే సెప్పుకుంటాను, బుధు అని… పెట్టు. ఆగుతాను…

…

పెట్టలేవా…

ఉద్యోగమిచ్చినాక సెప్తావా… సరేలే.

ఇను. గంటసేపు సల్లారనీ. నీళ్లు పొయ్యకు, పగిలిపోద్ది. సీటు కింద ఎడమేపు సిన్న ట్యాపుంది. నువ్వు బండి పట్టుకెళ్లే ముందురోజు పెట్టేను. అది తిప్పితే ఎనకదానికి ఆయిలు ఎక్కువెల్తాది. ఘాటు దాటేదాకా ముయ్యకు…

ఎందుకు సెప్తన్నానా?… నువ్వు మోసం సేసేవు గానీ, ఇంజినేటి సేసింది?

వద్దు. సెడ్డుకి రాకు… కోపం కాదు. కోపమైతే తిట్టీవోణ్ణి.

ఉంటాను, ఉదయ్…

ఆ… సరిగ్గానే ఇన్నావు. పేరెట్టే పిలిసేను.