ధనిక దేశాల తరఫున నస్రత్

డెన్మార్క్‌లో దేశాలన్నీ వాతావరణం గురించి సమావేశమైన 2009 డిసెంబరులో, గుంటూరు దగ్గరి ఓ హైస్కూల్లో డిబేట్ పెట్టారు. చీటీలు తీస్తే తొమ్మిదో తరగతి నస్రత్‌కి ధనిక దేశాల పక్షం వచ్చింది. ముందురోజు సాయంత్రం, మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి జైనాబీ ఎదుట నిలబడి రిహార్సల్ మొదలుపెట్టింది.

"అమ్మా, నువ్వు పేద దేశానివి. నన్ను అడుగు."

"ఏం అడగమంటావే?"

"పొగ తగ్గించమని."

"సరే. మీ కార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ తగ్గించండమ్మా. ఎండలు ముదిరి మా పైర్లు మాడిపోతున్నాయి."

"అందరం కలిసి తగ్గించుకుందాం."

"నూరేళ్లుగా వదిలింది మీరు. మా ఇంట్లో ఉన్నదల్లా ఒక్క కట్టెల పొయ్యి. అదీ ఆర్పమంటావా?"

నస్రత్ గబగబా నోట్సు తిరగేసింది.

"2050 నాటికి సగానికి తగ్గిస్తాం. మాటిస్తున్నాం."

"అప్పటికి నీకెన్నేళ్లు?"

"యాభై ఐదు."

"మరి నాకు?"

నస్రత్ మనసులోనే లెక్క వేసుకుంది. పైకి చెప్పబుద్ధి కాలేదు.

"చూశావా! నేనుండగా మొదలయ్యే మాటేదైనా ఉంటే చెప్పు."

మర్నాడు సాయంత్రం నస్రత్ పుస్తకాల సంచీ గుమ్మంలోనే పడేసింది.

"ఓడిపోయానమ్మా."

"అయ్యో, అంత కష్టపడి చదివావు కదే! ఏమైంది?"

"అవతలి పక్షం అమ్మాయి అచ్చం నీలాగే అడిగింది. వచ్చే ఏడే మొదలుపెడతామని ఒప్పేసుకున్నా. మాస్టారు తల పట్టుకున్నారు."

జైనాబీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"పోనీలేవే. ధనిక దేశం ఒక్కటైనా ఒప్పుకుంది."