బెసెట్‌కి అంత ఎందుకిచ్చారంటే

వద్దు బావా, ఆ కాఫీ నాకొద్దు. నువ్వే తాగు.

పెళ్లినాటి నుంచీ చూస్తున్నా నిన్ను. మా ఆవిడ నెట్టీకి అన్నవి, నాకు బావవి, అన్నీ నిజమే గానీ, ఒక్కనాడైనా నీ జేబులోంచి నాకు కాఫీ కొనిపెట్టావా? ఆదివారం పొద్దున్నే డోనట్ల కొట్టు దగ్గర ఆగి, ఇంత పెద్ద గ్లాసు పట్టుకొచ్చి, పిలవకుండానే నా ట్రక్కెక్కి కూర్చున్నావంటే ఎందుకొచ్చావో నాకు తెలీదా? మనం గురువారాలు ఆడే హాకీ జట్టులోంచి నన్ను తీసేశామని చెప్పడానికి! కెప్టెన్‌వి కదా పాపం, ఆ పని నీ నెత్తినే పడుతుంది.

ఉండుండు. నోరు తెరవకు. ముందు బెసెట్ సంగతి తేలాలి.

నిన్న ఆ కొట్లోనే జరిగింది రభస. నువ్వు లేవు గనక బతికిపోయావు. మెర్విన్ లేడూ, జన్మంతా ఇన్సూరెన్సు అమ్మి ఇప్పుడు మనకి నీతులు అమ్ముతున్నాడే, వాడే మొదలెట్టాడు. "మన హారియర్స్ ఐస్ హాకీ జట్టుని పునాదుల నుంచి మళ్లీ కడుతున్నామని చెప్పి, ముప్పై ఆరేళ్ల డిఫెండర్ బెసెట్‌కి నాలుగేళ్ల కాంట్రాక్టా? ఏడాదికి డెబ్భై లక్షల డాలర్లా? కొత్త ఇంటికి ఎవడైనా పాత తలుపు తెచ్చి బిగిస్తాడా?" అన్నాడు.

"బిగిస్తాడు, బయట మైనస్ ముప్పై చలి ఉంటే," అన్నాను.

కొట్టంతా నవ్వింది. అక్కడితో ఆగితే నేను ఓరెస్ట్‌ని ఎందుకవుతాను?

మంగళవారం హారియర్స్ ఆట గుర్తుచేశాను. ఏడు-సున్నాతో ఓడిపోతున్నాం. చివరి నిమిషాలు. సగం జనం కార్లు వేడి చేసుకోడానికి వెళ్లిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ట్రక్కు తాళాలు నెట్టీ దగ్గరుండిపోయాయి, అది వేరే సంగతి. అప్పుడు వాళ్లవాడొకడు బలంకొద్దీ కొట్టాడు చూడు, రాయిలాంటి ఆ రబ్బరు బిళ్లకి, ఆ పక్‌కి, బెసెట్ అడ్డంగా పడుకున్నాడు! మంచు మీద, ఒళ్లంతా పరిచి! పక్కటెముకల్లో తగిలిన చప్పుడు పైవరసలో నాకు వినిపించింది. బెంచీ మీదున్న మనవాళ్లంతా లేచి నిలబడి కర్రలతో గోడని దడదడా బాదారు. ఏడు గోల్స్ తిన్న జట్టు బావా! అంతవరకూ శవాల్లా కూర్చున్నవాళ్లు!

"ఏడు తిన్నాక ఎనిమిదోది ఆపితే ఎంత, ఆపకపోతే ఎంత? దానికా అంత డబ్బు?" అన్నాడు మెర్విన్.

"దానికే!" అని బల్ల గుద్దాను. వాడి కాఫీ వాడి ప్యాంటు మీద పడింది. తెల్ల ప్యాంటు. ఊరంతా మంచు బురదగా ఉండే మార్చిలో తెల్ల ప్యాంటు వేసుకోమని ఎవరు చెప్పారు వాడికి?

ప్యాంటు తుడుచుకుంటూ అసలు మాట అప్పుడు తీశాడు. "నీకు తెలీదు ఓరెస్ట్. బెసెట్ ఆట చూసి ఇచ్చిన డబ్బు కాదది. ప్రతి జట్టూ జీతాలకి కనీసం ఇంతని ఖర్చు పెట్టి తీరాలని లీగ్ రూలు ఉంది. మనకున్నది అంతా చవక కుర్రాళ్లు. లెక్క కిందకి పోతోంది. అందుకని ఒక ఖరీదైన ముసలాణ్ణి తెచ్చి నిలబెట్టారు. ఖాళీ పూడ్చడానికి. అంతే."

ఖాళీ పూడ్చడానికా? మనిషినా? గోతిలో పోసే కంకరా బెసెట్ అంటే?

నా మొహం ఎర్రబడిందట. చెవులు కూడానట. వాడు నవ్వాడు. "నీకెందుకయ్యా అంత మంట? మీ గురువారం జట్టునీ మళ్లీ కడుతున్నారటగా. ఫైర్ స్టేషన్ నుంచి కుర్రాళ్లొచ్చారటగా. నువ్వు వాదించేది బెసెట్ గురించి కాదులే," అన్నాడు.

అలా తెలిసింది నాకు. నీ నోటితో వినాల్సిన మాట మెర్విన్‌గాడి నోటితో విన్నాను.

సరే. నా ఆట గొప్పదని నేనననుగా! నేను వెనక్కి తిరగాలంటే ధాన్యం లారీ తిరిగేంత చోటు కావాలి. నేను గట్టిగా కొట్టానంటే అవతలి గోల్‌కీపర్ మాస్కు తీసి, ముక్కు చీది, మళ్లీ పెట్టుకునే వ్యవధి ఉంటుంది. గోల్స్ అంటావా? పోయినేడు ఒకటి కొట్టాను. మన గోల్లోనే, కానీ కొట్టాను.

అయితే ఏంటట? మన జట్టులో పక్‌కి అడ్డంగా పడుకునేవాడు ఇంకెవడున్నాడు? కావాలని పడుకుంటానా, జారి పడతానా అన్నది నాకూ దేవుడికీ మధ్య విషయం. పక్ ఆగిందా లేదా?

వెనక కాపలాలో నువ్వు ఎడమ, నేను కుడి. నువ్వు గోల్ కొట్టేద్దామని అటు చివరిదాకా ఉరికి, రొప్పుతూ అక్కడే వంగిపోతావే, అప్పుడు నీ చోట నిలబడేదెవరు? ఆ ఫైర్ స్టేషన్ కుర్రాళ్లు నిలబడతారా? వాళ్లు నీకంటే ముందు ఉరుకుతారు!

ఇంకోటి విను. నేను పనిచేసిన ధాన్యం గోదాం మూసేశాక ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి కేకేసేవాళ్లు లేరు. నెట్టీ పిలుస్తుంది, అదీ చెత్తడబ్బా బయటపెట్టడానికి. గురువారం మాత్రం, "వెనక్కి, ఓరెస్ట్! వెనక్కి రారా ఎద్దూ!" అని నువ్వరుస్తావు చూడు. ఆ మంచు మైదానమంతా వినిపిస్తుంది. వెనక నేనొకణ్ణి ఉండాలని అంత గట్టిగా కోరుకునేవాడు నాకు ఈ భూమ్మీద ఇంకెవడూ లేడు.

అందుకని నేను పోను. వినపడిందా? పోను! గురువారం బ్యాగు భుజాన వేసుకొచ్చి నా మూల నేను కూర్చుంటా. తీసేయాలంటే అందరి ముందూ నా ఒంటి మీంచి చొక్కా నువ్వే లాక్కో. ట్రక్కులో కూర్చుని గుసగుసలాడితే కుదరదు.

ఏంటి? తల అలా అడ్డంగా ఊపుతావేం?

నేను కాదా?

మరెవరు? డెనిసా? మతి ఉందా వాళ్లకి, గోల్‌కీపర్‌ని ఎవడైనా తీసేస్తాడా? గోల్‌కీపర్ దొరక్క పక్క జట్టు వాళ్లు చర్చిలో ప్రార్థనలు చేయిస్తున్నారు!

డెనిస్ కూడా కాదా?

...నువ్వా?

ఆగాగు. నువ్వు కెప్టెన్‌వి బావా! నిన్నెవరు తీసేది? ఓట్లేశారా? ఎక్కడ? ఫోన్ గ్రూపులోనా? మన గ్రూపులో నేనేం చూడలేదే... ఓహో. మనం లేని గ్రూపు కూడా ఒకటుందా!

రూలా? తెలుసు, యాభై అయిదు దాటినవాళ్లు జట్టుకి ఇద్దరుండి తీరాలి. లీగ్ మీటింగులో పోట్లాడి ఆ రూలు పెట్టించిందే నువ్వు కదా, ముసలాళ్లని గెంటెయ్యకుండా! సరే, ఇద్దరు. డెనిస్ ఒకడు. ఇంకొకడు చాలు. నువ్వూ నేనూ మిగిలాం. అయితే నిన్నే ఉంచాలిగా? నీకు నాకంటే ఆట వచ్చు. ఈ మాట మెర్విన్‌కి చెప్పకు.

నన్నెందుకు ఉంచారు? చెప్పు. నేనేమీ అనుకోను.

గరాజా?

ఆట అయ్యాక అందరూ బీర్లు తాగేది నా గరాజ్‌లో గనకనా? నన్ను తీసేస్తే ఫ్రిజ్ పోతుందనా?

నవ్వకు. ...సరేలే, నవ్వు. నీకే హక్కుంది ఇవాళ.

అదన్నమాట నా కాంట్రాక్టు. రూలు కోసం ఒక ముసలాడు, బీర్ల కోసం ఒక ఫ్రిజ్. బెసెట్‌కైనా డాలర్లిచ్చారు.

ఇప్పుడు నేనేమనాలో నాకు తెలుసు. "బావ లేని జట్టు నాకెందుకు?" అని బ్యాగు తీసుకెళ్లి మంచులో విసిరికొట్టాలి. నువ్వు వచ్చింది ఆ మాట వినడానికే. నీ కళ్లల్లో కనబడుతూనే ఉంది.

నిజం చెప్పమంటావా? నువ్వు తల అడ్డంగా ఊపావు చూడు, నేను కాదని. ఆ క్షణంలో నాకు నువ్వు గుర్తురాలేదు బావా. లోపల ఏదో గెంతింది. ఎక్కణ్ణుంచో కొట్టిన పక్ వెళ్లి నెట్‌లో పడ్డట్టు. తీరా నీ మొహం చూశాక సిగ్గేసింది. సిగ్గేసినా అది గెంతుతూనే ఉంది. ఇప్పటికీ.

వెళ్తాను. గురువారం వెళ్తాను. ఫ్రిజ్ కోసం ఉంచితే ఫ్రిజ్ కోసమే ఉంటాను. సంతకం పెట్టేముందు బెసెట్ మాత్రం ఎందుకిస్తున్నారని అడిగాడంటావా?

అలా చూడకు. నీ గురించి వాళ్లతో మాట్లాడననుకున్నావా? మాట్లాడతాను. బల్ల గుద్ది మరీ మాట్లాడతాను.

ఆట అయ్యాక.