సాబ్‌ని డోంగీ ఎక్కించిన గురువమ్మ పిన్ని

ఆ ఫొటోలో తెడ్డు పట్టుకున్న ఆమా? మా గురువమ్మ పిన్నే, బుల్లమ్మా. కూకో, సెప్తాను. అరవై ఏడులో, నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, మేం ఈ జంగ్లీఘాట్‌లో నేము. ఈ దీవుల ఉత్తరం కొసన, దిగ్లీపూర్ పక్కన కల్పాంగ్ ఏరు సముద్రంలో కలిసే కాడ తొమ్మిది గుడిసెలు, అన్నీ సోంపేట వైపు నుంచి ఓడెక్కి వొచ్చిన వలోళ్లవే. పిన్నికి మొగుడు నేడు గానీ డోంగీ ఉంది, సిన్న పడవ. ఏటయిందంటే, పైన అడివి కొట్టీ ఠేకేదారు, అదే కంట్రాక్టరు, దుంగలన్నీ ఏట్లోకే దొర్లించీవోడు, రంపప్పొట్టూ అందులోకే. ఏరు పూడిపోయింది, సేపలు సచ్చి తేలిపోయినాయి. ఆడేమో అడివాఫీసుకెళ్లి "సబ్ జాల్‌వాలోంకా కామ్" అనీసినాడు, అంటే మన వలల వల్లేనంట. నెల్లోపు గుడిసెలు పీకీమని కాయితం వొచ్చీసింది. మగోళ్లం తలొంచుకుని మూటలు కడతన్నాం. పిన్ని ఆ కాయితం పట్టుకుని ఆ ఆఫీసుకి కొత్తగా వొచ్చిన సాబ్ కాడికి ఎలిపోయింది. "సాబ్, ఏరు సూసినావా?" అంటే, "పుల్ సే దేఖా" అన్నాడాయన. "వంతెన మీంచి సూస్తే నీలే కనబడతాయి. మేరా డోంగీ మే బైఠో, ఎక్కి కూకో" అంది.

సముద్రం పోటు పట్టుకుని, పోటందని కాడ తాడేసి లాక్కుని, ముందురోజే డోంగీని ఏటి పైకి తీసుకుపోనాం. తెల్లారి సాబ్ అడివి దారిన ఆడికొచ్చి, బూట్లతోనే ఎక్కీసినాడు. ముందు తెడ్డు నాది, ఎనక పిన్ని. నాలుగు సోట్ల దుంగలడ్డమొచ్చి డోంగీని ఎత్తి దాటించినాం. ఐదో మలుపులో పిన్ని తెడ్డాపీసి సెవి పెట్టింది. నాకేటీ ఇనబడ్నేదు. "జోగులూ, ఎడమకి కొట్టు, మడసెట్ల సందులోకి." కొట్టీసినాను. సాబ్ మెడ పట్టుకుని కిందకి వొంచీసింది, అంత సాబ్‌ని. అంతలోనే పైనుంచి దుంగలు, వంద, నూటాభై, ఒకదాన్నొకటి గుద్దుకుంటా, గట్టు తవ్వుకుంటా పోతన్నాయి. మేం ఏట్లో ఉన్నామని పైవోళ్లకి తెల్దు. ఒక దుంగ మా డోంగీ అంచు పగలగొట్టీసింది. నీళ్లొచ్చీస్తంటే సాబ్ టోపీ తీసి తోడడం మొదలెట్టినాడు. పిన్ని తన గుడ్డ సింపి సందులో కుక్కింది. ఆమె మొకం ఎలిగిపోతంది. ఇప్పుడు సూసినాడు కదా అని.

కింద సముద్రం పాటు తీసి నీళ్లు తగ్గిపోనాయి. డోంగీ పొట్టు బురదలో దిగబడిపోయింది, కదల్దు. మేవిద్దరం దిగినాం. సాబ్ ఒక్క నిమిషం సూసి, ఆయనా దిగీసినాడు. నడుందాకా బురద. "హైసా" అంటే ఆయనా "హైసా" అన్నాడు. పొద్దుగూకీ యేలకి గుడిసెల కాడికి సేరినాం. పిన్ని తడిసిపోయిన కాయితం సేతికిస్తే, దాని మీదే రాసీసినాడు, జాల్ నహీ, లకడీ అని, వలలు కాదు, దుంగలేనని. మా గుడిసెలు ఉండిపోనాయి. దుంగలు లారీలెక్కినాయి.

ఏరు బాగవడానికి నాలుగు వానాకాలాలు పట్టింది. మొదటి పండుగప్ప పడ్డనాడు పిన్ని దాన్ని ఎండబెట్టి, మూటకట్టి, ఓడ కాడికెళ్లి, "కలకత్తాలో సాబ్‌కి ఇచ్చీ" అంది. అప్పటికి ఆయనకి బదిలీ అయిపోనాది మరి. "ఏ సాబ్?" అన్నాడు ఓడోడు. "ఏట్లో దిగి తోసిన సాబ్" అంది.

ఊఁ... మబ్బు పట్టీసింది, ఎల్లి బట్టలు తియ్యి.