నాలుగో భుజం

2021 జూలై, ఆదివారం పొద్దున. సూరత్ ఖటోదరాలో మగ్గాల కార్మికులుండే ఇరుకు మేడ డాబా మీద బ్రహ్మచారి అనే కార్మికుడు చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి, నడుము కీళ్లు అరిగిపోయాయి. పక్కన కూర్చున్న హరిణి, మూడు నెలల కింద పోయిన అతని స్నేహితుడు నర్సింగం కూతురు. ఫిజియోథెరపీ చదువుతోంది. కాలేజీలో రికార్డు చూపించడానికి ఒక పేషెంటు కావాలని ఆ పిల్ల వచ్చి అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు.

"ఊపిరి బిగవట్టకు కాకా. మోకాలు ఛాతి కాడికి తీస్కో. ధీమే ధీమే. ఒక్క కాలే."

"రెండూ గుంజుకుంటె జల్ది అయితది గదా."

"జల్ది ఏంది? రైలు పోతున్నదా? గుంజితె నడుము పట్టేస్తది. మెల్లగ ఇడువు. ఇగ రెండోది."

"ఎన్ని?"

"ఐదు."

"మొన్న ముప్పై చేసిన."

"ముప్పై ఎవ్వలు చెయ్యమన్నరు? నేను ఐదే గదా రాసిచ్చింది."

"ఎక్కువ చేస్తె ఎక్కువ బలమొస్తదనుకున్న."

"తెల్లారి లేచినవా మరి?"

"లేచిన."

"కాకా."

"లేచిన... గోడ వట్టుకొని."

"బిగుసుకున్నట్టుంటె పర్వా లేదు, సురుక్కుమంటె ఆపుమని ఎన్నిసార్లు చెప్పిన? ముందుగాల వేడినీళ్ల సంచి పెట్టుకుంటున్నవా?"

"పెట్టుకుంటున్న. గది గాదు బిడ్డా... బరువెప్పుడు ఎత్తచ్చు?"

"మళ్ల గదే. ఎత్తద్దు. కార్ఖాన సేఠ్ నిన్ను బాబిన్లకు నూలు చుట్టే కాడ కూసోవెట్టిండు గదా. నీకు బరువుతోని ఏం పని?"

"ఊకెనే అడిగిన."

"ప్రతి ఐతారం ఊకెనే అడుగుతవ్. సరే, ఇగ లే. సీద లేవకు. ముందు పక్కకు ఒరిగి, చేతుల మీద లే. ఆ, గట్లనే... కాకా, భుజం మీద ఏంది గది?"

"ఏది?"

"అంగీ జరుపు. తోలు లేచింది."

"దర్వాజ తాకింది."

"దర్వాజ పైకెల్లి తాకుతదా?"

"దోమ గుట్టింది. గోక్కున్న."

"దర్వాజనా, దోమనా?"

"గా నీళ్ల సీస జర ఇటియ్యి."

"ఇస్త. కాలు తిమ్మిరెక్కుతున్నదా?"

"జర."

"ఎన్ని దినాలాయె?"

"పది... పదిహేను."

"కాకా, ఏం మోస్తున్నవ్?"

"ఏం లేదు."

"గిట్లనే మోస్తె ఆ కాలు పనిచెయ్యది. మంచానికే అతుక్కపోతవ్. నిజం చెప్పు, ఏం మోస్తున్నవ్?"

"ఎదురు బొంగు."

"బొంగా?"

"బొంగుకు నూలు సంచి కట్టి. షిఫ్ట్ అయినంక, కార్ఖాన ఎనుక. పదిహేను కిలోలే బిడ్డా."

"ఎందుకు?"

"మీ బాపు అరవై కిలోలుంటుండె. నలుగురి భుజాలకు పంచితె పదిహేను."

"బాపు బరువు నువ్వెందుకు మోస్తున్నవ్?"

"చెప్తె నువ్వేమంటవో బిడ్డా."

"చెప్పు. ఇంటున్న."

"స్మశానం దాక నలుగురం భుజాల మీద మోసినమని మీ అమ్మకు, నీకు చెప్పిన. అబద్ధం. నువ్వు జరంతోని పైన అర్రల ఉంటివి. కరోనా భయానికి గల్లీల తలుపులన్ని బందు. నలుగురమే అయితిమి, మార్చుకోనీకి ఐదో మనిషి లేడు. గల్లీ మలుపు దాకనే పోయినం. ఆడ నా నడుము పట్టేసింది. అడుగు పడలే. పాడె దింపుమన్న. దింపుడుగల్లం ఇంక శాన దూరముండె."

"తర్వాత?"

"తానులు తోసే ఠేలా తెచ్చిండు మాతోని మోసిన ఓంప్రకాష్. దాని మీద పండవెట్టినం. ముప్పై ఏండ్లు మీ బాపు బట్ట తోసిన బండి. గా బండి మీదనే పోయిండు."

"దింపుడుగల్లం కాడ చెవుల పిలుస్తరు గదా. ఎవ్వలు పిలువలేదా?"

"దింపిన కాడ్నే చెవుల పేరు వెట్టి మూడుసార్లు పిలిచిన. నాలుగోసారి గూడ పిలిచిన, మాఫ్ చెయ్యమని. పోయినోడు మోయించుకోనీకి మళ్ల రాడు, నాకెరుకే. అయినా ఆ పదిహేను కిలోలు గా మలుపంత దూరమన్న దాటియ్యాలె. ఒక్కసారి. దాటుతలేను బిడ్డా."

"కాకా..."

"ఏడవకు. నా తోని నీ రికార్డు ఖరాబయితదేమో. కాలేజీల ఏమన్న అంటరా?"

"ఏ కాలేజి కాకా? తలుపులే తెరవలే. పేషెంటును తెమ్మని నన్నెవ్వలు అడగలే. గా దినం నేను కిటికీల నిలవడి ఉన్న. నడుము సగానికి వంగి, గా మలుపు కాడికెల్లి బండి ఎనుక నువ్వు తోసుకుంట పోవుడు చూసిన. జరం తగ్గినంక, గందుకే ఈ చాప వట్టుకొని నీ తలుపు కొట్టిన."