నలభై ఏడో చెట్టు

నూజివీడులో ఒక కాలేజీ లైబ్రరీ. కంప్యూటర్ ముందు లైబ్రేరియన్ సుసన్నా. ఎదురు కుర్చీలో ఆగిరిపల్లి మామిడి రైతు బసవపున్నారావు, చేతిలో నలిగిన చీటీ.

“ఈ నంబరుకి ఫోన్ చేశారా?”

“మూడుసార్లు చేశానమ్మా. ఈ నంబరు లేదంటుంది.”

“బాబాయి గారూ, ఇది ఫోన్ నంబరు కాదండీ. వ్యాసం నంబరు. డీఓఐ అంటాం.”

“పదితో మొదలైతే ఢిల్లీదేమో అనుకున్నా. పోనీ, దాని పైనున్న సైటు?”

“అది పాతదండీ. ఆ పత్రికని వేరే కంపెనీ కొనుక్కుంది. పేజీ లేదంటోంది, చూడండి.”

“లేదా! అయితే రాసివ్వమ్మా, అలాంటి వ్యాసమే లేదని. స్టాంపు కూడా వెయ్యి. మా ఆవిడ వెంకాయమ్మకి చూపిస్తాను.”

“ఆగండాగండి. అసలు గొడవేంటి?”

“మా తోటలో నలభై ఏడో చెట్టు. మూడేళ్లుగా పూత లేదు, కాపు లేదు. కొట్టిద్దామంటే మా ఆవిడ అడ్డం. పదేళ్ల క్రితం సైంటిస్టు కృష్ణమూర్తి గారు మా చెట్లన్నీ చూసి వ్యాసం రాశారు. ఈ చీటీ ఆయనిచ్చిందే. అందులో ఏముంటే అదే చెయ్యాలంటుంది. అక్కడ వీరయ్య రంపం పెట్టుకుని నా ఫోన్ కోసం చూస్తున్నాడు.”

“అయితే ఈ నంబరు కొడదాం.”

“సైటే పోయాక నంబరేం చేస్తుందమ్మా?”

“అడ్రసు మారినప్పుడల్లా ఆ కంపెనీ వాళ్లు ఈ నంబరు పక్కన కొత్త అడ్రసు రాయించాలండీ. నంబరు మాత్రం మారదు. మనం నంబరు అడిగితే, వ్యాసం ఇప్పుడెక్కడుందో అక్కడికి తీసుకెళ్తుంది.”

“వాళ్లు రాయించడం మర్చిపోతే?”

“అంటే... అప్పుడిదీ పనిచెయ్యదండీ.”

“మరి మారదంటావేంటి తల్లీ! మారనివాడు మా ఊరి కొండ మీది శోభనాచలస్వామి ఒక్కడే. మిగతావాటిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిందే.”

“కాదనను బాబాయి గారూ. కానీ వీళ్లెవరో బాగానే కనిపెట్టుకున్నారు. ఇదిగో, వచ్చేసింది!”

“వచ్చిందా? తాళం బొమ్మ ఉందేంటి?”

“బయటివాళ్లకి తాళమే. మా కాలేజీ చందా కట్టింది కదా, ఈ లైబ్రరీ బటన్ నొక్కితే తలుపు తీస్తారు. ఆ... తీశారు.”

“నలభై ఏడు చూడు. నలభై ఏడు.”

“ఉందండీ. ‘నలభై ఏడో చెట్టు. వేళ్లు కుళ్లాయి. ఇక కాపుకి రాదు. తీసేయడం మంచిది.’”

“హా! మళ్లీ చదువు! కాదు, ఉండు, ఫోన్ స్పీకర్లో పెడతా. హలో, వీరయ్యా! అమ్మగారేరీ?”

“చెట్టుకి ఆనుకుని కూర్చున్నారండీ. లేవమంటే లేవనంటున్నారు.”

“ఫోనివ్వు. వెంకాయమ్మా! వ్యాసం దొరికింది! నలభై ఏడు తీసేయమని అచ్చులో ఉంది. ఇక లే!”

“ఉంటుందండీ. ఉండదని నేనన్నానా?”

“మరింకేం?”

“నలభై ఎనిమిది గురించి ఏం రాశారో ఆ అమ్మాయిని చదవమనండి.”

“దాని సంగతి ఇప్పుడెందుకు?”

“చదవమనండీ.”

“చదువుతున్నా పిన్ని గారూ. ‘నలభై ఎనిమిదో చెట్టు. మధ్యమధ్య రెండు మూడేళ్లు కాపు మానేస్తుంది. ఆ తర్వాత విరగకాస్తుంది. కొట్టవద్దు.’”

“విన్నారా? నేను ఆనుకుని కూర్చున్నది దానికే.”

“వెంకాయమ్మా, దాని మీద నలభై ఏడని ఇంతేసి అక్షరాలతో రంగు వేసుంది!”

“మొన్న తోట కౌలుకి తీసుకున్న రత్నబాబు వేసిన రంగండీ అది. ఆయన ఉన్న చెట్లనే ఒకటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. మధ్యలో ఒకటి లేదు కదా, వెనకవన్నీ ఒక నంబరు ముందుకి జరిగాయి.”

“లేకపోవడమేంటి? అసలు నలభై ఏడు ఎక్కడికి పోయింది?”

“ఎక్కడికీ పోలేదు. కృష్ణమూర్తి గారు చెప్పిన వారానికే మీరు కొట్టించి బల్ల చేయించారు. రోజూ దాని మీద కూర్చునే కదండీ మీరు కాఫీ తాగేది!”