ఇమాం హుస్సేన్ కొట్టిన బెజ్జాలు

ఏమ్మా షాహిస్తా, మల్లా చెప్పు? మీ తాత బీడీలు తాగి చచ్చిపోయినాడా? ఎవరన్న్యారు నీకా మాట? శెట్టి కొడుకా? థూ, వాని నోట్లో మన్ను బడ! కూర్చో, ఇట్ల కూర్చో. ఇమాం హుస్సేన్ బీడీ ముట్టిన మనిషే కాదు. టీ గూడా సగం గ్లాసే తాగేది. నలభై ఏండ్లు పక్కపక్క ఇండ్లల్లో ఉంటిమి, నాకు తెలీదా? ఆయప్ప పోయి పద్దెనిమిదేండ్లాయె, నువ్వప్పుడు చంటిబిడ్డవి. చెప్పేవాళ్ళు ల్యాకుంటే ఎవడు పడితే వాడు ఏం పడితే అది అంటాడు.

సిమెంటులో బెజ్జం కొట్టల్లంటే మీ తాతే. ఈ ముదిగుబ్బలోనే కాదు, కదిరి దాంకా పోయినా అట్లాటోడు ల్యాకపాయె. గోడకు చెవి పెట్టి సుత్తితో టక్‌టక్‌మని తట్టేవాడు. "సోమప్పా, ఈడ ఇనుప కమ్మీ ఉండాది, జానెడు పక్కకు పోదాం" అని, చూసేకి పోయిన నాతో అనేవాడు. ఈ పక్కనుంచి బెజ్జం మిషను సగం తోలి, ఆ పక్కకు పోయి మిగతా సగం తోలేవాడు. ఎందుకనుకున్యావు? ఒకే పక్కనుంచి తోలితే ఆవలి పక్క పెచ్చు లేస్తాది. మీ తాత కొట్టిన బెజ్జంలో చేయి పెడితే గాజు లోపల తడిమినట్టుండేది. ఇప్పుడొచ్చేవాళ్ళు కొడతారే, ఎలుక కొరికినట్టు... వాళ్ళ సంగతి వద్దులే, నాకు కోపమొస్తాది.

ఏం చెప్తాంటి? ఆ, నీళ్ళు. మిషను తోలేటప్పుడు బెజ్జంలోకి నీళ్ళు పోస్తానే ఉండల్ల. అప్పుడు దుమ్ము లేయదు, బురదై కారిపోతాది. మరి ఈ ఊర్లో నీళ్ళు యాడివి? బదరీనారాయణ శెట్టి మిద్దెకు పైపుల కోసం తొమ్మిది బెజ్జాలు కొట్టల్ల. మీ తాత ఆరు బిందెలు అడిగితే శెట్టి ఏమన్న్యాడు? "ఏమప్పా ఇమామూ, మనుషులు తాగేకే ల్యాకపాయె, సిమెంటుకు తాపుతావా?" అందరూ నవ్విరి. ఊరంతా అదే మాటయిపాయె. యాడ పనికి పోయినా, నీళ్ళు ల్యావు, పొడిగానే తోలుపో అనేది. తోలినాడు, మొగానికి తువ్వాల చుట్టుకోని. సాయంత్రం ఇంటికొస్తే కంటిరెప్పలు గూడా తెల్లగుండేవి. మీ అవ్వ జమీలాబీ తన బిందెల్లోంచి రెండు ఎత్తిపెడితే, "పిల్లోళ్ళు తాగనీ" అని ఆడే పెట్టిపోయేవాడు. ఎనిమిదేండ్లు మింగినాడమ్మా ఆ దుమ్ము! రెండు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి, "రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకోనుంది" అని చెప్పినప్పుడు నేను పక్కనే ఉంటి. ఊర్లో ఒక్కడన్నా విన్యాడా? బీడీలంట! బిందెడు నీళ్ళియ్యనోళ్ళు బీడీలు అంటగట్టిరి!

శెట్టి ఒక్కన్నే అంటే గూడా తప్పేలే. శెట్టి నవ్వినాడు, అంతే. పంచాయతీ ట్యాంకు శెట్టిది కాదు గదా. అప్పుడు ఊరికి నీళ్ళు వదిలేది నేను. మీ తాత నా దగ్గరికొచ్చినాడు. "సోమప్పా, తాగే నీళ్ళొద్దు. ట్యాంకు కడిగినప్పుడు అడుగున మిగిలే మురికినీళ్ళు ఇయ్యి, చాలు" అన్న్యాడు. ఆ నీళ్ళు నేను కాలవలోకి వదిలేస్తాంటి. అయినా, వీనికిస్తే ఇంకొకడొస్తాడు, నాకెందుకొచ్చిన తంటా అనుకుంటి. "పో ఇమామూ, రూలు ఒప్పుకోదు" అంటి. ఏ రూలమ్మా? ఏ రూలూ ల్యా. ఖాళీ బిందె ఎత్తుకోని పోయినాడు. మల్లా అడగల్యా.

...

ఎండ నీ మొగాన పడతాండాది. ఇట్ల జరుగు.